జ్యామితీయ నైరూప్య చిత్రాలు, వేలం ధరలు: పి.టి. రెడ్డి మీదుగా ఒక సమీక్ష

జ్యామితీయ నైరూప్య చిత్రంలో మనుషులుండరు, చెట్లుండవు, ఊరూ వాడా ఉండవు. గీత, వృత్తం, త్రిభుజం, చతురస్రం, వాటిని నింపిన రంగు ఉంటాయి. ఫలానా దేవుడి బొమ్మ అనో, ఫలానా దొర బొమ్మ అనో చెప్పడానికి వీల్లేని ఈ పటాలు వేలానికి వచ్చినప్పుడు కొన్ని లక్షల దగ్గర ఆగుతాయి, కొన్ని వందల కోట్లకు చేరతాయి. ఒకే కొలత, ఒకే రంగు పదార్థం, ఇంచుమించు ఒకే రకం ఆకారాలు ఉన్న రెండు పటాల్లో ఒకటి కోట్లు పలికి, రెండోది అమ్ముడే కాక వెనక్కి రావడమూ మామూలే. ఆ తేడా ఎక్కడ పుడుతుందన్నదే ఇక్కడి విచారణ. ఉత్తర తెలంగాణకు ఇది దూరపు ప్రశ్న కాదు. భారతీయ చిత్రకళలో ఈ దారిన నడిచిన ముఖ్యుల్లో ఒకరైన పాకాల తిరుమల్ రెడ్డి, అంటే కళాలోకం ఎరిగిన పి.టి. రెడ్డి, 1915లో నాటి కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టారు. ఆ జిల్లా నుంచే 2016 అక్టోబర్ 11న పెద్దపల్లి జిల్లా విడివడింది.

రెడ్డి పుట్టిన ఏడాదే, డిసెంబరులో, పెట్రోగ్రాడ్‌లోని ఒక ప్రదర్శనలో కజిమిర్ మాలెవిచ్ తన ‘నల్ల చతురస్రం’ పటాన్ని గది మూలన పైకెత్తి వేలాడదీశాడు. రష్యన్ ఇళ్లలో అది దేవుడి పటం పెట్టే చోటు. ఆకారం తప్ప మరేమీ లేని చిత్రం తనంతట తాను నిలబడగలదని ప్రకటించిన తొలి పటాల్లో అదొకటి. ఇంకో ఐదారేళ్లలో హాలండ్‌కు చెందిన పీట్ మోండ్రియాన్ నల్లని అడ్డగీతలు, నిలువుగీతలు, వాటి మధ్య ఎరుపు, పసుపు, నీలం గళ్లతో తన పద్ధతిని స్థిరపరచుకున్నాడు. బతికున్నప్పుడు ఇద్దరూ పెద్దగా సంపాదించిందేమీ లేదు. మాలెవిచ్ 1916లో వేసిన ఒక సుప్రీమటిస్ట్ (కేవల జ్యామితి ఆకారాల) పటం 2008లో న్యూయార్క్‌లో 6 కోట్ల డాలర్లకు, మళ్లీ 2018లో 8.58 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. మోండ్రియాన్ 1930 నాటి పటమొకటి 2022 నవంబరులో 5.1 కోట్ల డాలర్లు పలికింది.

మాలెవిచ్ పటం వేలానికి వచ్చిన తీరులోనే అసలు పాఠం కొంత ఉంది. అది దశాబ్దాల పాటు ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో ఉండేది. చిత్రకారుడి వారసులు న్యాయపోరాటం చేశారు. 2008లో ఒప్పందం కుదిరి ఐదు పటాలు వాళ్ల చేతికి వచ్చాయి. వాటిలో ఒకటే ఆ ఏడాది వేలానికి వెళ్లింది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో, ఎక్కడెక్కడ ప్రదర్శించారో కోర్టు కాగితాలతో సహా తేలిన పటం అది. అంత పెద్ద ధరకు వెనకున్నది మాలెవిచ్ చేయి ఒక్కటే కాదు, తొంభై ఏళ్ల కాగితం కూడా.

భారతదేశంలో ఈ ధోరణికి మొదలు ఒకచోట లేదు. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారు జర్మనీలోని బౌహౌస్ కళాశాల చిత్రకారుల పటాలను ప్రదర్శించారు. కాండిన్‌స్కీ, క్లే పనితనాన్ని ఇక్కడివాళ్లు చూడగలిగింది అప్పుడే. ఆ దశాబ్దంలోనే గగనేంద్రనాథ్ ఠాగూర్ వెలుగునీడలను కోణాలుగా కోసి క్యూబిస్టు పద్ధతిలో బొమ్మలు వేశారు. స్వాతంత్ర్యం తర్వాత ఈ పాయ చీలిపోయింది. జగదీశ్ స్వామినాథన్ 1960లలో రంగుల జ్యామితి పటాలు వేశారు. నస్రీన్ మొహమెదీ రంగునే వదిలేసి పెన్సిలు, సిరా గీతలతో కాగితం మీద కొలతల్లాంటి చిత్రాలు గీశారు. ఆమె 1990లో పోయారు. పాతికేళ్లు దాటాక, 2016లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖను తెరిచినప్పుడు తొలి ప్రదర్శనల్లో ఒకటి ఆమెదే. ఎస్.హెచ్. రజా 1980ల నుంచి బిందువు చుట్టూ వృత్తాలు, త్రిభుజాలు పేర్చుకుంటూ వెళ్లారు. చిన్నతనంలో నిలకడ లేని పిల్లవాడైన తనను ఒక ఉపాధ్యాయుడు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నాడని రజా చెప్పిన ముచ్చట ఇప్పుడు ప్రతి వేలం కేటలాగులోనూ కనిపిస్తుంది. ముచ్చట మంచిదే. అమ్మకానికి అది ఎంత పనికొస్తుందో కేటలాగు రాసేవాళ్లకు బాగా తెలుసు.

పి.టి. రెడ్డి ఈ వరుసలో ముందే ఉన్నారు. 1930ల మధ్యలో బొంబాయి వెళ్లి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. ఆ కాలపు చదువు విక్టోరియా రాణి నాటి పద్ధతి: మనిషి ఒళ్లు ఉన్నదున్నట్టు గీయడం, నీడలు సరిగా పడేట్టు చూడడం. అప్పటి డైరెక్టర్ చార్లెస్ జెరార్డ్ మాత్రం యూరప్‌లో సెజాన్ తర్వాత వచ్చిన మార్పులను విద్యార్థులకు పరిచయం చేశాడు. రెడ్డి, ఎం.టి. భోప్లే, ఎ.ఎ. మజీద్, ఎం.వై. కులకర్ణి, సి. బాప్టిస్టా కలిసి 1941లో ఒక బృందంగా ఏర్పడి ప్రదర్శన పెట్టారు. కళాచరిత్రలో వాళ్లకు ‘యంగ్ టర్క్స్’ అనే పేరు నిలిచింది. హుస్సేన్, సూజా, రజాల ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పుట్టింది 1947లో, అంటే ఆరేళ్ల తర్వాత. ఈ తేదీల తేడాను గుర్తుంచుకోవాలి. ధరల చర్చలో దీనికి పని ఉంది.

రెడ్డి హైదరాబాదులో స్థిరపడ్డారు. తెలంగాణ పలుకుబడిలో కథలు రాసి పేరు తెచ్చుకున్న పాకాల యశోదారెడ్డి ఆయన భార్య. నారాయణగూడలోని వాళ్ల ఇల్లు ‘సుధర్మ’ చిత్రశాలగా కూడా ఉండేది. ఆయన ఒక పద్ధతికి కట్టుబడిన మనిషి కాదు. క్యూబిస్టు బొమ్మలు, పల్లె స్త్రీలు, రాజకీయ ఘటనలు, ముద్రణ చిత్రాలు, చెక్క శిల్పాలు అన్నీ చేశారు. 1960ల చివర నుంచి, ముఖ్యంగా 1970లలో, తాంత్రిక చిహ్నాల మీద దృష్టి పెట్టారు. పైకి చూసే త్రిభుజం, కిందికి చూసే త్రిభుజం, వాటి కలయిక, నడిమి బిందువు, చుట్టుకున్న సర్పం, తామర రేకులు ఇవన్నీ గట్టి రంగుల్లో, స్పష్టమైన అంచులతో ఆయన పటాల్లోకి వచ్చాయి. ఆయన 1996లో మరణించారు. వేలాల్లో ఇప్పుడు ‘జ్యామితీయ’ అన్న మాటతో వచ్చే రెడ్డి పటాలు ఎక్కువగా ఈ దశవే.

ఈ దశను విమర్శకులు ‘నవ తాంత్రికం’ అన్నారు. రెడ్డితో పాటు జి.ఆర్. సంతోష్, బీరేన్ డే, కె.వి. హరిదాసన్ లాంటివాళ్లను ఈ పేరు కింద చేరుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. అజిత్ ముఖర్జీ 1966లో ‘తంత్ర ఆర్ట్’ అనే పుస్తకం తెచ్చారు. పాత యంత్రాలను, మండలాలను పూజాసామగ్రిగా కాక చిత్రాలుగా చూపించిన పుస్తకమది. 1971లో లండన్‌లోని హేవర్డ్ గ్యాలరీలో తంత్ర కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. 1985లో లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్యాలరీ సమకాలీన భారతీయ నవ తాంత్రిక చిత్రాలకే ఒక ప్రదర్శన పెట్టింది. ఆ కాలంలో పాశ్చాత్య యువతకు తంత్రం మీద మోజు ఉండేదన్నది నిజం. దాన్ని పట్టుకుని, ఇది విదేశీ గిరాకీ కోసం వేసుకున్న వేషమని కొందరు కొట్టిపారేశారు. అందరి విషయంలో ఆ మాట నిలవదు. సంతోష్ కశ్మీర శైవాన్ని సాధన చేసిన మనిషి. రెడ్డి 1940ల నాటికే క్యూబిజం ద్వారా ఆకారాన్ని కోణాలుగా విడగొట్టడం నేర్చుకున్నవారు. కాబట్టి త్రిభుజం ఆయన చేతికి కొత్తగా దొరికిన సరుకు కాదు. అయితే చేయి పట్టు సడలి, చిహ్నాలను పటం మీద పేర్చి ఊరుకున్న పనులు కూడా నవ తాంత్రికుల్లో తక్కువేమీ లేవు. లేబుల్ చూసి కొనేవాళ్లు మోసపోయేది అక్కడే.

యంత్రానికీ చిత్రానికీ తేడా గుర్తిస్తే మంచి పటాన్ని పోల్చుకోవడం తేలికవుతుంది. శ్రీచక్రంలో శివుడి త్రిభుజాలు నాలుగు, శక్తి త్రిభుజాలు ఐదు. ఈ తొమ్మిదీ ఒకదాన్నొకటి కోసుకుని 43 చిన్న త్రిభుజాలుగా ఏర్పడతాయి. చుట్టూ ఎనిమిది రేకులు, పదహారు రేకులు, బయట నాలుగు ద్వారాల భూపురం ఉంటాయి. గీతలు కలవాల్సిన చోట కలవకపోతే అది యంత్రమే కాదు, పూజకు పనికిరాదు. చిత్రకారుడికి ఆ నిర్బంధం లేదు. త్రిభుజాన్ని పక్కకు జరపవచ్చు, బిందువును మధ్య నుంచి తప్పించవచ్చు, ఎరుపు పక్కన ఇంకో ఎరుపు పెట్టి అంచు కదులుతున్నట్టు చేయవచ్చు. యంత్రాన్ని నకలు చేసిన పటానికీ, యంత్రంతో వాదించిన పటానికీ మధ్య ఉన్నదే కళ విలువ. రెడ్డి పటాల్లో రెండు రకాలూ ఉన్నాయి. మొదటి రకం గోడకు అందం. రెండో రకాన్ని మ్యూజియంలు వెతుక్కోవాలి.

జ్యామితి ఈ ప్రాంతానికి చిత్రశాలల ద్వారా వచ్చింది కాదు. పెద్దపల్లి జిల్లా ఓదెల మల్లన్న గుడిలో ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడులతో వేసే పట్నాలు చతురస్రాలు, త్రిభుజాలు, పద్మాల అల్లికే. వేదపండితులకు పేరుపడ్డ మంథనిలో యంత్రలేఖనం పూజావిధానంలో భాగం. ఇంటి ముందు ముగ్గు సంగతి చెప్పనక్కర్లేదు. ఇంతటి పరిసరంలో పుట్టిన చిత్రకారుడు త్రిభుజాలు వేశాడంటే, పట్నమే కాన్వాసు ఎక్కిందని రాసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా రాయకూడదు. చిత్రకారుడి ఉత్తరమో, నోట్సో, స్కెచ్చుపుస్తకంలో పట్నం నమూనానో చూపించి రాసినప్పుడే అది చరిత్ర అవుతుంది, లేదంటే అమ్మకపు మాట. కేటలాగుల్లో ఈ రెండో రకం వాక్యాలు పెరుగుతున్నాయి. తెలంగాణ మూలాల మీద మమకారం ఉన్న కొనుగోలుదారులు పెరిగినకొద్దీ ఇంకా పెరుగుతాయి కూడా.

ఇక వేలం. పెద్దపల్లి మార్కెట్ యార్డులో పత్తి పాటకు వచ్చినప్పుడు తేమ ఎంతో యంత్రం చెబుతుంది. 8 శాతం ఉంటే ఒక ధర, 12 దాటితే భారత పత్తి సంస్థ (సి.సి.ఐ.) కొనదు. పింజ పొడవు చూస్తారు, తూకం వేస్తారు. చిత్రానికి అలాంటి తేమ యంత్రం లేదు. అందుకే వేలం సంస్థ ముందుగా ఒక అంచనా ప్రకటిస్తుంది: ఇంత నుంచి ఇంత వరకు. దాన్ని కట్టే పద్ధతి పైకి కనిపించేంత గుట్టైనదేమీ కాదు. అదే చిత్రకారుడు, అదే దశ, దగ్గరి కొలత, అదే మాధ్యమం ఉన్న పటాలు గడిచిన కొన్నేళ్లలో ఎంతకు పోయాయో చూస్తారు. కాన్వాసు మీద తైలవర్ణం కాగితం మీది నీటిరంగు కంటే ఎక్కువ పలుకుతుంది. ముద్రణ చిత్రానికి ఒకటి కంటే ఎక్కువ ప్రతులుంటాయి కనుక దాని ధర బాగా కిందే ఉంటుంది. ప్రకటించిన కనిష్ఠ అంచనాకు సమానంగానో, అంతకు లోపలో, అమ్మేవాడికీ సంస్థకూ మధ్య ఒక రిజర్వు ధర ఉంటుంది. పాట దాన్ని అందుకోకపోతే పటం అమ్ముడుపోనట్టే. అలా వెనక్కి వచ్చిన పటాన్ని మరుసటి ఏడాది మళ్లీ పాటకు పెట్టడం కష్టం. వద్దనుకున్న సరుకన్న పేరు పడిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అంచనాను తక్కువగా వేయించుకుని పోటీని పిలుస్తారు. ఆశపడి ఎక్కువ వేయించుకున్నవాళ్లు తరచుగా పటంతో ఇంటికి వస్తారు.

పత్రికల్లో కనిపించే ధర సుత్తి పడ్డ ధర, అంటే పాట ఆగిన ధర, కాకపోవచ్చు. కొన్నవాడు సంస్థకు చెల్లించే రుసుము, ఐదో వంతు, కొన్నిచోట్ల అంతకు పైన, దానికి కలుస్తుంది. భారతదేశంలో జి.ఎస్.టి. అదనం. చిత్రాల మీద 12 శాతం ఉన్న ఈ పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. అమ్మినవాడి వైపు నుంచి కూడా సంస్థ కమీషన్ తీసుకుంటుంది. కాబట్టి కొన్నవాడు పెట్టిన మొత్తానికీ, అమ్మినవాడి చేతికి వచ్చిన మొత్తానికీ మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది. చిత్రం ‘పెట్టుబడి’ అని ఊదరగొట్టే రాతల్లో ఈ లెక్క ఎందుకో ఉండదు.

భారతీయ ఆధునిక చిత్రాల వేలం వయసు ఎక్కువేమీ కాదు. 1990ల మధ్యలో అమెరికన్ దంపతులు చెస్టర్, డేవిడా హెర్విట్జ్ సేకరణ న్యూయార్క్‌లో పాటకు రావడంతో అంతర్జాతీయ ధర అనేది ఏర్పడింది. 2000లో ముంబైలో సాఫ్రనార్ట్ ఇంటర్నెట్ వేలాలు మొదలుపెట్టింది. 2005లో తయ్యబ్ మెహతా ‘మహిషాసుర’ పది లక్షల డాలర్లు దాటిన తొలి భారతీయ ఆధునిక చిత్రమైంది. 2010లో రజా ‘సౌరాష్ట్ర’ లండన్‌లో సుమారు 16.4 కోట్ల రూపాయలకు పోయింది. 2023 ఆగస్టులో రజాదే 1989 నాటి ‘జెస్టేషన్’, వృత్తాలూ త్రిభుజాలే అయిన పటం, ముంబైలో 51.75 కోట్లు పలికింది. 2025 మార్చిలో హుస్సేన్ ‘గ్రామయాత్ర’ న్యూయార్క్‌లో 1.375 కోట్ల డాలర్లు, అంటే 118 కోట్ల రూపాయలు దాటింది. అదే ఏడాది సెప్టెంబరులో వి.ఎస్. గాయ్‌తొండే 1970లో వేసిన పటం 67.08 కోట్లకు పోయింది. గాయ్‌తొండేది జ్యామితి కాదు, రంగుపొరల నిశ్చలత. అయినా నైరూప్యానికి ఈ దేశంలో గిరాకీ లేదన్న మాటను ఆ ఒక్క ధర కొట్టివేస్తుంది.

రెడ్డి పటాలు ముంబై, లండన్, న్యూయార్క్ వేలాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. ధరలు మాత్రం రజా, గాయ్‌తొండేల దరిదాపుల్లో లేవు. కళ స్థాయిలో తేడా ఉండడం ఒక కారణమని ఒప్పుకోవాలి. రజా ముప్పై ఏళ్ల పాటు బిందువు ఒక్కదాన్నే తవ్వుకుంటూ పోయారు. రెడ్డి అనేక పద్ధతుల్లోకి దూకారు. ఒకే ముద్ర ఉన్న చిత్రకారుణ్ణి గోడ మీద దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. వేలం మార్కెట్టు ఆ గుర్తింపుకే ఎక్కువ డబ్బు పెడుతుంది. బహురూపాలున్న చిత్రకారుడికి అక్కడ నష్టం తప్పదు. కానీ అంత తేడాను ఇదొక్కటే వివరించదు.

మిగతా కారణాలు పటం బయట ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది చరిత్ర రాసిన తీరు. భారతీయ ఆధునికత 1947లో ప్రోగ్రెసివ్ గ్రూపుతో మొదలైందన్న కథ పుస్తకాల్లో, ప్రదర్శనల్లో, వేలం కేటలాగుల్లో స్థిరపడిపోయింది. ఆ గ్రూపులో పేరున్న ప్రతివాడికీ ఆ పేరే ఒక అదనపు విలువ. 1941 బృందం అదే ఊళ్లో, అదే కళాశాల నుంచి, అదే తిరుగుబాటుతో ముందే వచ్చినా దానికి ఆ గుర్తింపు రాలేదు. దాన్ని మోసే విమర్శకులు, వ్యాపారులు, విదేశీ సేకర్తలు దొరకలేదు. రెండో కారణం ఊరు. రజా పారిస్‌లో, సూజా లండన్‌లో, తర్వాత న్యూయార్క్‌లో ఉన్నారు. హుస్సేన్ అన్నిచోట్లా ఉన్నారు. రెడ్డి హైదరాబాదులో ఉండిపోయారు. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో భారతీయ చిత్రాల వ్యాపారం బొంబాయి, ఢిల్లీల మధ్యే తిరిగింది. హైదరాబాదు ఆ దారిలో లేదు.

కరీంనగర్ జిల్లా నుంచే వచ్చిన తోట వైకుంఠం ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. బూరుగుపల్లిలో పుట్టిన ఆయన పెద్ద బొట్టు, గట్టి రంగుల చీరలతో తెలంగాణ స్త్రీల బొమ్మలు వేసి దేశమంతటా గుర్తింపు పొందారు. ఆ పటాల్లో ఎరుపు, పసుపు రంగుల పరపు, అంచుల బిగువు జ్యామితీయ చిత్రకారులకు ఏమీ తీసిపోవు. కానీ అక్కడ మనిషి ఉంది. కొనేవాడికి ‘ఇది మా ఊరి ఆడమనిషి’ అనుకునే వీలుంది. నైరూప్యం ఆ వీలు ఇవ్వదు. తెలుగువాళ్లలో గుడివాడ నుంచి లండన్ మీదుగా షికాగో చేరిన ఎస్.వి. రామారావు, మధిరలో పుట్టి హైదరాబాదులో పనిచేసిన సూర్యప్రకాష్ నైరూప్యంలో గట్టి పని చేసినవాళ్లు. వాళ్ల పటాల గురించి తెలుగులో నిలకడగా రాసిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు పటం దగ్గరికే వస్తే, కేటలాగులో ఒక పటం కింద ఉండే వివరాలన్నీ ధరలో భాగమే. చిత్రకారుడి పేరు, జనన మరణ సంవత్సరాలు, పటం పేరు, సంతకం ఎక్కడుంది, తేదీ ఉందా, దేని మీద దేనితో వేశారు, కొలతలు ఎంత అన్నవి మొదట వస్తాయి. ఆ తర్వాత యాజమాన్య చరిత్ర, ప్రదర్శనలు, అచ్చయిన చోట్లు. కొన్నవాడు నిజంగా డబ్బు పెట్టేది ఈ చివరి మూడింటి మీదే. ‘చిత్రకారుడి నుంచి నేరుగా కొన్నది’ అన్న వాక్యానికి రసీదు తోడైతే దాని విలువ వేరు. తేదీ కూడా చిన్న విషయం కాదు. నవ తాంత్రికం జోరు మీదున్న 1970ల పటం, అదే ఆకారాలతో పాతికేళ్ల తర్వాత వేసిన పటం కంటే ఎక్కువ పలుకుతుంది.

జ్యామితీయ పటానికి ఇంకో చిక్కు ఉంది: ఏది పైభాగం? మోండ్రియాన్ టేపులతో చేసిన ‘న్యూయార్క్ సిటీ 1’ దశాబ్దాలుగా తలకిందులుగా వేలాడుతోందని 2022లో జర్మనీలోని మ్యూజియం వాళ్లే బయటపెట్టారు. టేపులు ఊడిపోతాయన్న భయంతో దాన్ని తిప్పకుండా అలాగే ఉంచారు. తాంత్రిక పటంలో ఈ పొరపాటు అర్థాన్నే తిప్పేస్తుంది. పైకి చూసే త్రిభుజం శివుడైతే, తిప్పితే శక్తి. పటం వెనకవైపు సంతకం, బాణం గుర్తు, పాత ప్రదర్శన చీటీ ఏవైనా ఉంటే అవి తేలుస్తాయి. అందుకే పరీక్షకులు పటాన్ని ముందు నుంచి కంటే వెనక నుంచే ఎక్కువసేపు చూస్తారు.

స్థితి పరీక్ష ఈ రకం పటాలకు మరీ కఠినం. ప్రకృతి దృశ్యంలో ఒక పగులు ఆకుల మధ్య కలిసిపోతుంది. చదునుగా పరచిన నీలంలో అది గీతలా కనిపిస్తుంది, చిత్రకారుడు వేయని గీత. అంచు చెదిరితే పటం చెదిరినట్టే. రామగుండం, గోదావరిఖని వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, వానాకాలంలో గాలి తడితో బరువెక్కుతుంది. కాన్వాసు సాగి, బిగిసి, మళ్లీ సాగుతుంది. రంగుపొర అలా సాగలేదు, పగులుతుంది. బొగ్గుగనుల ప్రాంతంలో పటం మీద చేరే నల్లని ధూళి తడిగుడ్డతో తుడిస్తే రంగులోకి ఇంకుతుంది. అతినీలలోహిత కాంతి కింద పెడితే తర్వాత పూసిన రంగు వేరే మెరుపుతో బయటపడుతుంది. ఇంట్లోనో ఫ్రేము కొట్లోనో ‘కొంచెం కొత్తగా’ చేయించిన పటం ఆ కాంతిలో దాచుకోలేదు, ధర అక్కడే సగం పోవచ్చు.

నకిలీల సంగతికి వస్తే, వృత్తం, త్రిభుజం ఎవరైనా గీయగలరన్న నమ్మకమే నకిలీదారుకు పెట్టుబడి. రష్యన్ జ్యామితీయ పటాల్లో నకిలీలు ఎంత పెరిగాయంటే, కొలోన్‌లోని లుడ్విగ్ మ్యూజియం 2020లో తన సొంత సేకరణలోని అసలునూ నకిలీనీ పక్కపక్కన పెట్టి ప్రదర్శన చేసింది. 2009లో ఢిల్లీలో ఒక గ్యాలరీ పెట్టిన రజా ప్రదర్శనకు రజాయే వెళ్లి, ఇవి నేను వేసినవి కావని తేల్చిచెప్పాల్సి వచ్చింది. బతికున్న చిత్రకారుడికే ఆ గతి. రంగుల రసాయనం కొంత సాయం చేస్తుంది. థాలోసయనిన్ నీలం 1930ల మధ్య నుంచే అమ్మకంలో ఉంది కాబట్టి, 1916 తేదీ ఉన్న పటంలో అది కనబడితే తేదీ అబద్ధం. 1970ల పటానికి మాత్రం ఇలాంటి పరీక్ష పెద్దగా ఉపయోగపడదు, ఆ రంగులన్నీ అప్పటికే బజారులో ఉన్నాయి. అక్కడ చేయి తీరును చూడాలి: కింద పెన్సిలు గీత ఉందా, వృత్తం కేంద్రంలో కంపాసు ముల్లు గుచ్చిన గుర్తు ఉందా, అంచును టేపు పెట్టి కోశారా, చేత్తో లాగారా. ఇవి చెప్పాలంటే ఆ చిత్రకారుడి నిఖార్సైన పటాలు చాలా చూసి ఉండాలి. వాటన్నిటినీ ఫోటోలతో, కొలతలతో, యజమానుల వివరాలతో నమోదు చేసిన సంపూర్ణ జాబితా ఉంటేనే అది అందరికీ సాధ్యం. మాలెవిచ్, మోండ్రియాన్‌లకు అలాంటి జాబితాలున్నాయి, ధరలూ ఉన్నాయి. ఇది కాకతాళీయం కాదు. తెలంగాణ చిత్రకారుల్లో ఎవరి ధరనైనా నిలబెట్టాలనుకుంటే వేలం గదిలో పాట పెంచడం కంటే ఈ జాబితా వేయించడం చౌక, దాని ఫలితం కూడా ఎక్కువకాలం ఉంటుంది.

చట్టం వైపు నుంచి మూడు విషయాలు. 1972 పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్, ముగ్గురు ఠాగూర్లు, శైలోజ్ ముఖర్జీ, నికొలస్ రోరిక్‌ల పటాలు దేశం దాటకూడదు. రెడ్డి ఆ తొమ్మిది మందిలో లేరు కాబట్టి ఆయన పటాలు లండన్‌కైనా న్యూయార్క్‌కైనా వెళ్లవచ్చు. అయితే నూరేళ్లు నిండిన పటం పురావస్తువు అవుతుంది. ఆయన విద్యార్థి దశ పటాలకు ఆ వయసు 2030ల మధ్య నుంచి వస్తుంది. ఆ తర్వాత అవి ఎగుమతికి అందవు. రెండోది ఆదాయపు పన్ను. ఇంట్లో గోడకున్న పటం సొంత వాడుక వస్తువు కదా అన్న వాదన 2007 ఫైనాన్స్ చట్టంతో పోయింది. చిత్రాలు మూలధన ఆస్తులే. రెండేళ్లకు మించి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, 2024 జులై 23 నుంచి ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా. వారసత్వంగా వచ్చిన పటానికి మొదట కొన్న పెద్దవాళ్ల ఖర్చే లెక్కలోకి వస్తుంది, అందుకే పాత రసీదు పారేయకూడదు.

మూడోది చిత్రకారుడి కుటుంబానికి సంబంధించింది, అన్నిటికన్నా తక్కువమందికి తెలిసింది. కాపీరైటు చట్టానికి 1994లో చేర్చిన 53ఎ సెక్షన్ ప్రకారం, ఒక మూలచిత్రం మళ్లీ అమ్ముడై ధర పదివేల రూపాయలు దాటితే, చిత్రకారుడికి లేదా వారసులకు ఆ ధరలో వాటా కోరే హక్కు ఉంది. వాటా పది శాతానికి మించకూడదు. అమ్మినవాడు ఎవరైనా, చేతులు ఎన్ని మారినా ఈ హక్కు పోదు. కాపీరైటు ఉన్నంతకాలం ఉంటుంది, అంటే చిత్రకారుడు మరణించాక మరో అరవై ఏళ్లు. పి.టి. రెడ్డి పటాల విషయంలో ఆ గడువు 2056 డిసెంబరు 31తో ముగుస్తుంది.